ఆంగ్ల మోడల్ క్రియలు – తెలుగు వివరణలు: ఏకపద సమానార్థక పద్ధతిపై విమర్శ

వ్యాస సంగ్రహం

తెలుగు విద్యార్థులకు ఆంగ్ల వ్యాకరణాన్ని బోధించేటప్పుడు కెన్, మే, మస్ట్, షుడ్, షల్ మొదలైన మోడల్ క్రియలకు ఒక్కొక్క తెలుగు పదాన్ని సమానార్థకంగా ఇవ్వడం చిరకాలంగా ఉన్న పద్ధతి. ఈ పద్ధతి ఆంగ్ల క్రియల అర్థభేదాలను చెరిపివేయడమే కాక, తెలుగులో స్పష్టంగా ఉన్న భేదాలను కూడా విద్యార్థి దృష్టికి రాకుండా చేస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నిషేధం, సంభావన, గతకాలం, మర్యాద, చట్టభాష అనే ఐదు సందర్భాలలో రెండు భాషల ప్రయోగాలను పోల్చి, వాక్యస్థాయి వివరణ ఆవశ్యకతను నిరూపించడం దీని లక్ష్యం.

కీలక పదాలు: మోడల్ క్రియలు, విధ్యర్థం, సంభావన, నిషేధం, అనువాదం, వ్యాకరణ బోధన

1. ప్రవేశిక

ఒక పని జరిగిందని చెప్పడం వేరు. జరగవచ్చు, జరగాలి, జరగకూడదు, జరిగి ఉంటుంది అని చెప్పడం వేరు. మొదటిది సంఘటనను తెలుపుతుంది. తక్కినవి ఆ సంఘటన పట్ల వక్త వైఖరిని తెలుపుతాయి. ఈ వైఖరిని తెలపడానికి ఆంగ్లం ప్రధానంగా తొమ్మిది సహాయక క్రియలను వాడుతుంది: కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్. నీడ్, డేర్, ఆట్ టు, యూజ్డ్ టు అనేవి కొన్ని లక్షణాలలో వీటిని పోలి ఉంటాయి.

తెలుగు మాధ్యమ విద్యార్థికి ఇవి సాధారణంగా ఒక పట్టిక రూపంలో పరిచయమవుతాయి. కెన్ అంటే ‘గలను’, మే అంటే ‘వచ్చును’, మస్ట్ అంటే ‘తప్పక వలెను’, షుడ్ అంటే ‘వలెను’ అని ఆ పట్టిక చెబుతుంది. పట్టికను కంఠస్థం చేసిన విద్యార్థి పరీక్షలో ఖాళీలు పూరించగలుగుతాడు. అద్దె ఒప్పందాన్నో, మందుల వాడక సూచననో, కార్యాలయం పంపిన నోటీసునో చదవవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ పట్టిక అతడిని తప్పుదారి పట్టిస్తుంది. ఈ పొరపాట్లకు ఆంగ్లం కష్టమైన భాష కావడమే కారణమని సామాన్యంగా భావిస్తారు. తెలుగులో అంతటి సూక్ష్మ భేదాలు లేవని కూడా కొందరు అంటారు. ఈ రెండు అభిప్రాయాలూ పునఃపరిశీలించదగినవి.

2. మోడల్ క్రియల స్వరూపం

మోడల్ క్రియలకు ప్రథమపురుష ఏకవచనంలో ‘ఎస్’ చేరదు. వీటి తరువాత వచ్చే క్రియ మూలరూపంలోనే ఉంటుంది. ప్రశ్నకు, నిషేధానికి ‘డు’ అనే సహాయక క్రియ అవసరం లేదు. ఒకే క్రియాబంధంలో రెండు మోడల్ క్రియలు ప్రామాణిక ఆంగ్లంలో కలిసి రావు. ఈ లక్షణాలకు చారిత్రక కారణం ఉంది. కెన్, మే, షల్, మస్ట్ అనేవి ప్రాచీన జర్మానిక్ భాషలలో భూతకాల రూపం వర్తమానార్థంలో స్థిరపడిన క్రియావర్గానికి చెందినవి. ప్రాచీన ఆంగ్లంలో కెన్ మూలానికి ‘తెలిసి ఉండు’ అని, మే మూలానికి ‘శక్తి కలిగి ఉండు’ అని, షల్ మూలానికి ‘అప్పుపడి ఉండు’ అని, విల్ మూలానికి ‘కోరు’ అని అర్థం.

తెలుగులోనూ ఇటువంటి పరిణామమే గోచరిస్తుంది. ‘నాకు ఈత వచ్చు’ అన్నప్పుడు వచ్చు అనేది తెలియడాన్ని చెబుతుంది. ‘నువ్వు ఇక వెళ్ళవచ్చు’ అన్నప్పుడు అనుమతిని, ‘రాత్రికి వాన పడవచ్చు’ అన్నప్పుడు సంభావనను చెబుతుంది. తెలుసుకోవడం నుండి సామర్థ్యానికి, సామర్థ్యం నుండి అనుమతికి కెన్ సాగించిన ప్రయాణాన్ని ఇది గుర్తుకు తెస్తుంది. రూపంలో కూడా పోలిక ఉంది. ‘నేను వెళ్ళవచ్చు, వాళ్ళు వెళ్ళవచ్చు’, ‘నేను వెళ్ళాలి, వాళ్ళు వెళ్ళాలి’ అనే వాక్యాలలో క్రియకు పురుష వచన ప్రత్యయాలు చేరవు. ‘గల’ మాత్రం గలను, గలడు, గలరు అని మారుతుంది. అంటే మోడల్ క్రియ అనేది తెలుగు విద్యార్థికి పరాయి భావన కాదు. తన భాషలో నిత్యం వాడే వ్యవస్థకు మరొక రూపం మాత్రమే.

ఆధునిక భాషాశాస్త్రం మోడల్ అర్థాలను స్థూలంగా మూడుగా విభజిస్తుంది. ఎఫ్.ఆర్. పామర్ 1979లో ఆంగ్ల మోడల్ క్రియలపై వెలువరించిన గ్రంథం ఈ విభజనను అనుసరించింది. ఈ వ్యాసంలో వాటిని సామర్థ్యార్థం, విధ్యర్థం, సంభావనార్థం అని వ్యవహరించడం జరిగింది. కర్తకున్న శక్తిని చెప్పేది సామర్థ్యార్థం. విధిని, అనుమతిని, నిషేధాన్ని చెప్పేది విధ్యర్థం. ఒక విషయం నిజమయ్యే అవకాశాన్ని గురించి వక్త అంచనాను చెప్పేది సంభావనార్థం. ఒకే ఆంగ్ల క్రియ ఈ మూడింటిలో రెండింటినో, మూడింటినో చెప్పగలగడమే సమస్యకు మూలం. పట్టిక చూపేది వాటిలో ఒక్కదానినే.

3. నిషేధం: పట్టిక విఫలమయ్యే మొదటి చోటు

‘మస్ట్ = వలెను’ అని నేర్చుకున్న విద్యార్థి ‘మస్ట్ నాట్’ అనేదాన్ని ‘వలెను’కు వ్యతిరేకంగా, అంటే ‘చేయవలసిన పని లేదు’ అని గ్రహించే అవకాశం ఉంది. పదానికి పదం కలిపితే వచ్చే ఫలితం అదే. నిజానికి మస్ట్ నాట్ అంటే ‘చేయకూడదు’. ‘చేయనక్కరలేదు’ అనడానికి నీడ్ నాట్ వాడాలి. ‘యు మస్ట్ నాట్ టేక్ దిస్ విత్ మిల్క్’ అని మందుల సీసాపై ఉంటే పాలతో కలిపి ఆ మందు తీసుకోకూడదని అర్థం. ‘యు నీడ్ నాట్ టేక్ దిస్ విత్ మిల్క్’ అంటే పాలతోనే తీసుకోవాలన్న నియమం లేదని అర్థం. రెండింటినీ తారుమారు చేస్తే కలిగే నష్టం మార్కులతో పోయేది కాదు.

తెలుగు ఈ రెండు అర్థాలను ఎన్నడూ కలపదు. ‘చేయాలి’ అనే రూపానికి నేరుగా వ్యతిరేక రూపం లేదు. విధి ‘చేయకుండా ఉండటానికి’ వర్తిస్తే ‘చేయకూడదు, చేయరాదు’ అంటారు. విధే లేకపోతే ‘చేయనక్కరలేదు, చేయాల్సిన పనిలేదు’ అంటారు. ‘అందరూ రావాలని లేదు’ అన్నప్పుడు అటువంటి నియమం లేదని మూడో ఛాయ కూడా వస్తుంది. ఆంగ్లంలో మస్ట్ నాట్, నీడ్ నాట్ అనే జంట చేసే పనిని తెలుగులో కూడదు, అక్కరలేదు అనే జంట అంతే కచ్చితంగా చేస్తుంది. పట్టికలో కూడదు, అక్కరలేదు అనే పదాలకు చోటుండదు. అందువల్ల విద్యార్థి తనకు తెలిసిన భేదాన్ని పక్కనపెట్టి, తెలియని దానిని ఊహించవలసి వస్తుంది.

మే నాట్ మరింత ఆసక్తికరమైన ఉదాహరణ. ‘హి మే నాట్ ఎంటర్’ అనే వాక్యానికి రెండు అర్థాలున్నాయి. అతడికి ప్రవేశానుమతి లేదన్నది ఒకటి. అతడు లోపలికి రాకుండా ఉండే అవకాశం ఉందన్నది రెండోది. మొదటి అర్థంలో నిషేధం అనుమతికి అన్వయిస్తుంది. రెండో అర్థంలో ప్రధాన క్రియకు అన్వయిస్తుంది. ఆంగ్ల వాక్య రూపం ఈ తేడాను చూపదు, సందర్భమే చూపాలి. తెలుగులో మొదటిది ‘అతడు రాకూడదు’, రెండోది ‘అతడు రాకపోవచ్చు’. ‘రాకపోవచ్చు’ అనే రూపంలో వ్యతిరేకార్థం ప్రధాన క్రియలోనే చేరి, వచ్చు దానికి వెలుపల ఉంది. అర్థంలో ఏది దేనిని వ్యతిరేకిస్తుందో పదనిర్మాణమే చెబుతోంది. ఈ విషయంలో తెలుగు ఆంగ్లం కంటే స్పష్టమైన భాష. విద్యార్థి తన భాషలోని ఈ స్పష్టతను ఆధారం చేసుకొని ఆంగ్ల వాక్యంలోని సందిగ్ధతను గుర్తించగలడు. ‘మే = వచ్చును’ అనే సమీకరణం ఆ ఆధారాన్నే తొలగిస్తుంది.

4. సంభావన: క్రియలు కాని పదాల పాత్ర

‘హి మస్ట్ బి టైర్డ్’ అనే వాక్యాన్ని పట్టిక ప్రకారం అనువదిస్తే ‘అతడు తప్పక అలసిపోవలెను’ అని వస్తుంది. ఇది తెలుగు వాక్యమే, కాని అర్థం వేరు. సహజమైన తెలుగు ‘అతను అలసిపోయి ఉంటాడు’ లేదా ‘అలసిపోయి ఉండాలి’. క్త్వార్థక క్రియకు ‘ఉండు’ చేర్చడం ద్వారా తెలుగు విధి నుండి సంభావనకు మారుతుంది. ‘ఆమె బయలుదేరాలి’ అన్నది విధి. ‘ఆమె బయలుదేరి ఉండాలి’ అన్నది ఊహ. ఆంగ్లంలో ఈ రెండూ వరుసగా ‘షి మస్ట్ లీవ్’, ‘షి మస్ట్ హావ్ లెఫ్ట్’ అవుతాయి. ‘బయలుదేరి ఉండు’, ‘హావ్ లెఫ్ట్’ అనే రెండు నిర్మాణాల సామ్యాన్ని చూపితే విద్యార్థికి ఈ ప్రయోగం సులభంగా బోధపడుతుంది.

సంభావనార్థంలో మస్ట్‌కు వ్యతిరేకం సాధారణంగా మస్ట్ నాట్ కాదు, కెనాట్. ‘అతను ఇంట్లో ఉండి ఉండాలి’ అనేదానికి ఎదురు మాట ‘అతను ఇంట్లో ఉండి ఉండడు’. ఆంగ్లంలో అది ‘హి కెనాట్ బి ఎట్ హోమ్’ అవుతుంది. ‘కెనాట్ = లేడు’ అని మాత్రమే తెలిసినవారికి ఈ వాక్యం ‘అతడు ఇంట్లో ఉండలేడు’ అనిపిస్తుంది. ఇంటిపట్టున నిలవలేని మనిషి గురించి చెప్పినట్లవుతుంది.

పట్టిక పద్ధతిలో మరొక మౌలిక లోపం ఉంది. ఆంగ్లంలో క్రియ ఉన్నచోట తెలుగులోనూ క్రియనే వెదకడం దాని స్వభావం. తెలుగులో సంభావనను చెప్పే ముఖ్య సాధనాలలో కొన్ని క్రియలు కావు. ‘వచ్చాడేమో’, ‘వచ్చాడు కాబోలు’, ‘బహుశా వస్తాడు’ అనేవి మే, మైట్ క్రియలు చెప్పే అర్థాన్ని నిత్య వ్యవహారంలో చెబుతున్నాయి. ‘హి మే హావ్ కమ్’ అనే వాక్యానికి ‘వచ్చాడేమో’ అన్నంత సహజమైన సమానం మరొకటి ఉండదు. అయినా ఏమో అనే మాట ఏ పట్టికలోకీ సులభంగా ఎక్కదు.

కెన్ విషయంలోనూ ఇదే పరిస్థితి. ‘ఐ కెన్ హియర్ యు’ అంటే ‘మీ మాట వినబడుతోంది’ అని. ‘వినగలను’ అని కాదు. ఇంద్రియానుభవాన్ని చెప్పడానికి తెలుగు వినబడు, కనబడు అనే క్రియలను వాడుతుంది. ఆంగ్లం కెన్ సహాయం తీసుకుంటుంది. ఈ సంబంధం తెలియని విద్యార్థి ‘వినబడుతోంది’లోని వర్తమాన రూపాన్ని యథాతథంగా ఆంగ్లంలోకి తెచ్చి ‘ఐ యామ్ హియరింగ్ యు’ అంటాడు.

5. గతకాలం: జరిగినదీ, జరగనిదీ

కెన్‌కు గతకాల రూపం కుడ్ అని పట్టిక చెబుతుంది. ఇది సగం నిజం. గతంలో స్థిరంగా ఉన్న సామర్థ్యాన్ని కుడ్ చెబుతుంది. ఒక నిర్దిష్ట సందర్భంలో సాధించిన పనిని చెప్పడానికి ‘వాజ్ ఏబుల్ టు’ వాడాలి. అందువల్ల ‘నిన్న తలుపు తెరవగలిగాను’ అనే అర్థంలో ‘ఐ కుడ్ ఓపెన్ ద డోర్ యెస్టర్‌డే’ అనడం ఉచితం కాదు. ఆంగ్ల బోధకులు దీనిని కష్టమైన సూక్ష్మంగా పరిగణిస్తారు. తెలుగులో ఈ భేదం క్రియారూపంలోనే ఉంది. ‘చిన్నప్పుడు ఆమె గంటసేపు ఈదగలిగేది’ అన్నది స్థిర సామర్థ్యం. ఇక్కడ కుడ్ సరిపోతుంది. ‘ఆ రోజు ఆమె ఒడ్డుకు ఈదగలిగింది’ అన్నది సాధించిన పని. ఇక్కడ వాజ్ ఏబుల్ టు కావాలి. ‘గలిగేది’, ‘గలిగింది’ అనే రెండు రూపాలను పక్కపక్కన ఉంచితే చాలు. వ్యతిరేకార్థంలో మాత్రం ఆంగ్లం ఈ భేదాన్ని పాటించదు. ‘తెరవలేకపోయాను’ అనడానికి ‘కుడ్ నాట్’ సరిపోతుంది.

విధ్యర్థంలోనూ ఇటువంటిదే మరొక జంట ఉంది. ‘నేను వెళ్ళాల్సి వచ్చింది’ అంటే వెళ్ళడం జరిగింది. పరిస్థితి అందుకు బలవంతపెట్టింది. ‘నేను వెళ్ళాల్సింది’ అంటే వెళ్ళడం జరగలేదు; వెళ్ళకపోవడం పట్ల విచారం ఉంది. మొదటిది ‘ఐ హాడ్ టు గో’, రెండోది ‘ఐ షుడ్ హావ్ గాన్’. రెండింటికీ మూలం ‘వలయు’ అనే ధాతువే. ‘షుడ్ = వలెను’, ‘హాడ్ టు = వలసి’ అని విడివిడిగా నేర్పినప్పుడు పని జరిగిందా లేదా అన్న ప్రధానాంశమే మరుగున పడుతుంది. విచారణలో సాక్ష్యం చెప్పే వ్యక్తికి, సంజాయిషీ రాసే ఉద్యోగికి ఈ తేడా ఎంత ముఖ్యమో వివరించనవసరం లేదు.

మస్ట్, హావ్ టు అనే క్రియల మధ్య భేదాన్ని కూడా ‘వలసి’ రూపం వివరించగలదు. మస్ట్‌లో విధికి మూలం తరచు వక్తే. హావ్ టులో మూలం సాధారణంగా బయటి నియమం లేదా పరిస్థితి. ‘నువ్వు ఈ పుస్తకం చదవాలి’ అని ఒత్తి చెప్పడంలో మొదటి ఛాయ ఉంది. ‘రేపు కోర్టుకు వెళ్ళాల్సి ఉంది’ అన్న మాటలో రెండోది ఉంది. విధ్యర్థంలో మస్ట్‌కు గతకాల రూపం లేకపోవడం వల్లనే గతాన్ని చెప్పేటప్పుడు హాడ్ టు ఆ స్థానాన్ని తీసుకుంటుంది.

6. మర్యాద: పాణిని చూపిన దారి

తెలుగులో గౌరవం మీరు, గారు, అండి అనే మాటలలోనూ క్రియాప్రత్యయాలలోనూ వ్యక్తమవుతుంది. ఆంగ్లంలో మధ్యమపురుషకు ఒకే సర్వనామం ఉంది. అందుచేత గౌరవభారంలో ఎక్కువ భాగం మోడల్ క్రియలపై పడుతుంది. ‘కెన్ యు’, ‘కుడ్ యు’, ‘వుడ్ యు మైండ్’ అనే క్రమంలో మర్యాద పెరుగుతుంది. గతకాల రూపం వర్తమానంలో మర్యాదను ఎలా సూచిస్తుందన్న సందేహం విద్యార్థికి కలగవచ్చు. ‘మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నాను’ అని పెద్దల ఎదుట నిలబడి అనే తెలుగువాడు అదే ఉపాయాన్ని వాడుతున్నాడు. అతని కోరిక అప్పటికీ ఉంది. దానిని గతంలోకి జరపడం వల్ల అవతలి వ్యక్తికి నిరాకరించే వెసులుబాటు కలుగుతుంది.

ఈ అంశానికి సంస్కృత వ్యాకరణ సంప్రదాయం మంచి చట్రాన్ని అందిస్తుంది. పాణిని అష్టాధ్యాయి మూడో అధ్యాయం మూడో పాదంలోని 161వ సూత్రంలో లిఙ్ ప్రత్యయానికి విధి, నిమంత్రణం, ఆమంత్రణం, అధీష్టం, సంప్రశ్నం, ప్రార్థన అనే ఆరు అర్థాలను చెప్పాడు. తక్కువవారిని ఆజ్ఞాపించడం విధి. తప్పించుకోవడానికి వీల్లేని పిలుపు నిమంత్రణం. రావడం, రాకపోవడం ఎదుటివారి ఇష్టానికి వదిలేది ఆమంత్రణం. పెద్దలను గౌరవపూర్వకంగా ఒక పనికి నియోగించడం అధీష్టం. ఏది చేయాలో అడిగి తెలుసుకోవడం సంప్రశ్నం. యాచించడం ప్రార్థన. ఈ వర్గీకరణకు ఆధారం వక్తకు, శ్రోతకు మధ్య ఉన్న సంబంధం. ఆంగ్లంలో ‘యు మస్ట్’ విధికి, ‘యు మే’ ఆమంత్రణానికి, ‘వుడ్ యు కైండ్లీ’ అధీష్టానికి, ‘షల్ ఐ’ సంప్రశ్నానికి, ‘మే ఐ’ ప్రార్థనకు సన్నిహితంగా ఉంటాయి. ఈ పోలిక సంపూర్ణమైనది కాదు. కాని ఏ క్రియ వాడాలో నిర్ణయించేది పద సమానార్థకం కాదని, మాట్లాడేవారి మధ్య సంబంధమని ఇది స్పష్టం చేస్తుంది.

ఆధునిక తెలుగు ప్రయోగం కూడా ఇదే చెబుతోంది. ‘ప్రయాణికులు గమనించగలరు’ అనే ప్రకటనలో, ‘తప్పక రాగలరు’ అనే ఆహ్వానంలో గల అనేది సామర్థ్యాన్ని చెప్పడం లేదు, ప్రార్థనను చెబుతోంది. ‘వర్షాలు కురవగలవు’ అన్నప్పుడు భవిష్యత్ సంభావనను చెబుతోంది. గలకే మూడు అర్థాలున్నప్పుడు ‘కెన్ = గల’ అనే సమీకరణంలో రెండు వైపులా స్థిరమైన విలువ లేదు.

మర్యాదను సందర్భం నుండి విడదీసి నేర్పడం వల్ల వ్యతిరేక దిశలోనూ పొరపాటు జరుగుతుంది. వుడ్ అనేది విల్ కంటే మర్యాదకరమని మాత్రమే గ్రహించినవారు ‘ద మీటింగ్ వుడ్ బి హెల్డ్ టుమారో’ అని రాస్తారు. భారతీయ ఆంగ్లంలో, ముఖ్యంగా కార్యాలయ లేఖలలో ఈ ప్రయోగం తరచు కనిపిస్తుంది. ఇతర దేశాల పాఠకుడికి ఇది ఏదో షరతుపై ఆధారపడిన సమావేశంలా తోస్తుంది. నిర్ధారితమైన విషయం అనిశ్చితంగా మారుతుంది.

7. షల్, విల్: నియమం, వాడుక

ఏకపద సమానార్థకం తెలుగు బోధనలోని లోపమైతే, వాడుకకు విరుద్ధమైన నియమం ఆంగ్ల వ్యాకరణ సంప్రదాయంలోని లోపం. జాన్ వాలిస్ 1653లో లాటిన్‌లో రాసిన ఆంగ్ల వ్యాకరణంలో షల్, విల్ భేదాన్ని సూత్రీకరించాడు. దాని ప్రకారం ఉత్తమపురుషలో షల్ కేవలం భవిష్యత్తును, విల్ సంకల్పాన్ని లేదా బెదిరింపును తెలుపుతాయి. మధ్యమ, ప్రథమ పురుషలలో ఇది తారుమారవుతుంది. పద్దెనిమిదో శతాబ్దపు వ్యాకరణాల ద్వారా ఈ నియమం పాఠశాలలకు చేరింది. 1906లో ఫౌలర్ సోదరులు ది కింగ్స్ ఇంగ్లీష్ గ్రంథంలో ఈ వాడుక దక్షిణ ఇంగ్లండు వారికి సహజంగా అబ్బుతుందని, ఇతరులకు పట్టుబడటం కష్టమని అంగీకరించారు. చార్లెస్ ఫ్రైస్ 1925లో నాటకాలలోని ప్రయోగాలను లెక్కించి, ఈ నియమానికి వాడుక మద్దతు లేదని చూపాడు.

భారతదేశంలో విస్తృతంగా వాడుకలో ఉన్న రెన్, మార్టిన్‌ల వ్యాకరణాన్ని తరువాత ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించారు. అన్ని పురుషలలోనూ విల్ వాడే ధోరణి పెరుగుతోందని సవరించిన ప్రతులు గుర్తించాయి. ఇంగ్లండులోనే అందరికీ సహజం కాని భేదాన్ని తెలుగు విద్యార్థి ప్రతిభకు కొలమానంగా వాడటం సమంజసం కాదు. నేటి వ్యవహారంలో షల్‌కు మిగిలిన ముఖ్యస్థానాలు రెండు. ‘షల్ ఐ’, ‘షల్ వి’ అనే సంప్రశ్నం ఒకటి. చట్టభాష రెండోది.

8. చట్టభాషలో షల్, మే

రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం, పార్లమెంటు చట్టం ద్వారా వేరుగా నిర్దేశించేంత వరకు, చట్టాల ప్రామాణిక పాఠం ఆంగ్లంలో ఉంటుంది. 1973 నాటి కేంద్ర చట్టాల ప్రాధికృత అనువాదాల చట్టం, రాష్ట్రపతి ప్రాధికారంతో ప్రచురితమైన ప్రాంతీయ భాషానువాదానికి ఆ భాషలో ప్రామాణికతను కల్పించింది. కాబట్టి కేంద్ర చట్టంలోని షల్‌ను తెలుగులో ఎలా చెప్పాలన్నది కేవలం శైలికి సంబంధించిన ప్రశ్న కాదు.

చట్టంలోని షల్ కనీసం రెండు పనులు చేస్తుంది. ఒక అధికారి ఒక పని చేయాలని ఆదేశించడం మొదటిది. ఒక పదవినో సంస్థనో నెలకొల్పడం రెండోది. రాష్ట్రపతి ఒకరు ఉంటారని చెప్పే 52వ అధికరణంలోని షల్ ఏ వ్యక్తికీ విధిని నిర్దేశించదు. ఆ పదవినే సృష్టిస్తుంది. మొదటి అర్థానికి ‘వలెను’ తగినది. రెండో అర్థానికి తెలుగు వ్యాకరణాలు తద్ధర్మార్థకమని పేర్కొన్న ‘ఉండును’ వంటి రూపం మరింత సన్నిహితం. రెండింటికీ ‘వలెను’ వాడితే, ఎవరు చేయవలెను అన్న ప్రశ్నకు జవాబు లేని వాక్యాలు ఏర్పడతాయి.

షల్ ఎల్లప్పుడూ అనుల్లంఘనీయమైన విధి కాదని న్యాయస్థానాలు కూడా చెప్పాయి. ఉద్యోగుల క్రమశిక్షణ వ్యవహారాలలో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలని 320వ అధికరణం షల్‌తో చెప్పినా, సంప్రదించకపోవడం వల్ల ప్రభుత్వ చర్య చెల్లకుండా పోదని 1957లో మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. దీనికి విపరీతంగా, గెజిటెడ్ ఉద్యోగి కోరినప్పుడు అతని కేసును గవర్నరు ట్రైబ్యునల్‌కు నివేదించవచ్చునని మేతో చెప్పిన ఉత్తరప్రదేశ్ నియమాన్ని 1963లో జోగేంద్ర సింగ్ కేసులో తప్పనిసరి విధిగా వ్యాఖ్యానించింది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. వ్యాఖ్యానం ఇంత మారుతున్నప్పుడు అనువాదకుడు ఒక పదానికి ఒకే పదాన్ని స్థిరంగా వాడటమే క్షేమం కదా అని. ఈ వాదంలో బలం ఉంది. మేను ఒకచోట ‘వచ్చును’ అని, మరొకచోట ‘వలెను’ అని అనువదించే అనువాదకుడు న్యాయమూర్తి పనిని తన చేతిలోకి తీసుకుంటాడు. చట్టానువాదంలో ఏకరూపత గుణమే. కాని ఆ ఏకరూపత ప్రయోజనాన్ని బట్టి ఉండాలి. ఆదేశించే షల్‌కు అంతటా ఒక రూపం, నెలకొల్పే షల్‌కు అంతటా మరొక రూపం, షల్ నాట్‌కు అంతటా ‘రాదు’ లేదా ‘కూడదు’ అని నిర్ణయించుకోవడం ఏకరూపతకు భంగం కాదు. ఆంగ్ల చట్టరచనలోనే షల్‌కున్న అనేకార్థత ఇబ్బందిగా గుర్తింపు పొందింది. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగం విధులకు మస్ట్‌ను వాడింది. అమెరికా ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాలను 2007లో తిరగరాసినప్పుడు షల్‌ను తొలగించారు.

9. బోధనకు సూచనలు

పట్టిక పద్ధతిని సమర్థించేవారు ప్రారంభ దశలో ఒక పదానికి ఒక అర్థం ఇవ్వక తప్పదంటారు. తొలి పాఠం వరకు ఇది అంగీకరించదగినదే. అయితే పదాల జంటకు బదులు వాక్యాల జంటను ఇవ్వడానికి అదనపు శ్రమ ఉండదు. ‘మస్ట్ నాట్ – చేయకూడదు’, ‘నీడ్ నాట్ – చేయనక్కరలేదు’, ‘మస్ట్ హావ్ డన్ – చేసి ఉంటాడు’ అని మొదటి నుండే నేర్పవచ్చు. మరొక వర్గం వారు ఆంగ్లాన్ని ఆంగ్లంలోనే బోధించాలని, తెలుగును పూర్తిగా పక్కనపెట్టాలని వాదిస్తారు. పట్టిక చేసిన అపకారాన్ని తెలుగు చేసిన అపకారంగా భావించడం వారి పొరపాటు. విద్యార్థి మనసులో కూడదు, అక్కరలేదు అనే భేదం ముందే స్థిరపడి ఉంది. దానిని వాడుకోకపోవడం బోధనకు నష్టం.

ఆంగ్ల వాక్యంలో మోడల్ క్రియ ఎదురైనప్పుడు విద్యార్థి మూడు ప్రశ్నలు వేసుకునేలా శిక్షణ ఇవ్వాలి. ఈ వాక్యం చేయవలసిన పనిని గురించి చెబుతోందా, ఒక విషయం నిజమా కాదా అన్న అంచనాను చెబుతోందా? విధి లేదా అనుమతి అయితే దానికి మూలం వక్తా, నియమమా, పరిస్థితా? నిషేధం ఉంటే అది మోడల్ క్రియకు అన్వయిస్తుందా, ప్రధాన క్రియకా? ఈ మూడింటికీ సమాధానం దొరికిన తరువాత తగిన తెలుగు వాక్యం దానంతటదే తోస్తుంది. తెలుగు నుండి ఆంగ్లంలోకి వెళ్ళేటప్పుడు కూడా ఇవే ప్రశ్నలు ఉపకరిస్తాయి.

10. ముగింపు

భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో ఆధునిక తెలుగుకు విస్తృతమైన వర్ణనాత్మక వ్యాకరణాన్ని అందించారు. ఆంగ్ల మోడల్ క్రియలపై అంతర్జాతీయంగా విపులమైన పరిశోధన జరిగింది. ఈ రెండు జ్ఞానధారలూ తరగతి గదిలో కలుసుకోకపోవడం వల్లనే ‘మే = వచ్చును’ వంటి సమీకరణాలు నేటికీ నిలిచి ఉన్నాయి. రాకూడదు, రాకపోవచ్చు అనే రెండు మాటల తేడా తెలుగు పిల్లవాడికి బడిలో చేరకముందే తెలుసు. ఆ తెలివిని ఆంగ్ల పాఠంలోకి తీసుకురావడానికి తెలుగు వ్యాకరణం తెలిసినవారూ ఆంగ్లం బోధించేవారూ కలిసి పాఠ్యాంశాలను రూపొందించాలి. తెలుగు శాఖలలోని వ్యాకరణాధ్యయనం ఆంగ్ల బోధనకు సాయపడగల చోట్లలో మోడల్ క్రియల పాఠం ముఖ్యమైనది.